రెండూ ఉన్నాయి

కుమాసి ఊరి చివర వడ్రంగులంతా ఒక్కచోట చేరిన పేట ఒకటుంది. అందులో బెకో మేస్త్రి షెడ్డుకి ఒక మంచి పేరుంది. అక్కడ పనిచేసేవాళ్లకి పది వేళ్లూ ఉంటాయని. నవ్వకండి, ఆ పేటలో అదేం చిన్న పేరు కాదు. పొద్దున్నే జొన్నగంజి అమ్మే మామీ అతా దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడ్డ చేతుల్ని ఓసారి పరకాయించి చూస్తే మీకే తెలుస్తుంది. ఎవడికో బొటనవేలు సగమే ఉంటుంది. ఇంకెవడికో చిటికెనవేలు ఉండాల్సిన చోట నున్నటి మచ్చ ఉంటుంది.

మేస్త్రికి మాత్రం ఏడే. మిగతా మూడూ ఏమయ్యాయని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "మీకు చదువు చెప్పడానికి ఫీజు కట్టాన్రా" అనేవాడు. ఆ చదువేమిటో షెడ్డులో అందరికీ నోటికి వచ్చు. చొక్కా చేతులు మోచేతి పైకి మడవాలి. ఉంగరాలూ దారాలూ ఉండకూడదు. తిరిగే మిషన్ దగ్గర చేతికి తొడుగు వేసుకోకూడదు, ఎందుకంటే అది తొడుగుతోపాటు చేతిని కూడా లాక్కుంటుంది. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర రేకుపెట్టెలో పెట్టాలి. మిషన్‌లో చెక్కని కోసే బిట్టు మార్చేముందు ప్లగ్గు పీకాలి. పెద్దవాడికి పనిముట్టు అందిస్తే కుడిచేత్తోనే అందించాలి. ఈ ఆఖరిది మిషన్ల సంగతి కాదు, మర్యాద సంగతి. ఒకసారి పనివాడు క్వాట్యా ఎడమచేత్తో ఉలి అందిస్తే, మేస్త్రి ఆ ఉలిని కింద పడేసి, వాడు కుడిచేత్తో తీసి ఇచ్చేదాకా నోరు విప్పలేదు.

వీటన్నిటికన్నా పెద్దది చేతుల లెక్క.

ఆ దేశంలో కరెంటు పోవడం, రావడం ఎండావానల్లాంటివి. దానికి జనం దుమ్‌సోర్ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. కరెంటు పోతే తిరుగుతున్న మిషన్ ఉన్నపళాన ఆగిపోతుంది. దాని స్విచ్చి వేసే ఉంటుంది. ఆగిపోయిన మిషన్ని ఆపాలని ఎవడికి తోస్తుంది? కొంపలంటుకునేది అక్కడే. కరెంటు తిరిగొచ్చిన క్షణాన అది చెప్పాపెట్టకుండా లేస్తుంది. అందుకే కరెంటు పోగానే మేస్త్రి గుమ్మం పక్కనున్న మెయిన్ స్విచ్చి కిందికి దించేసేవాడు. వీధంతా "వచ్చింది, వచ్చింది" అని కేకలు పెట్టినా వెంటనే ఎత్తేవాడు కాదు. అక్కడే నిలబడి ఒక్కొక్కరి పేరూ పిలిచేవాడు. పిలిచినవాడు రెండు చేతులూ మిషన్ మీంచి తీసి పైకెత్తి, "రెండూ ఉన్నాయి" అనాలి. అందరూ పలికాకే మెయిన్ పైకి వెళ్లేది.

ఒక్కడు పలక్కపోయినా వెళ్లదు. పలకనివాడి చెయ్యి మిషన్‌లో ఉన్నట్టే లెక్క. ఒకసారి క్వాట్యా చెక్కపొట్టు మీద పడి గుర్రుపెట్టి నిద్రపోతే, వాడెక్కడున్నాడో దొరికేదాకా అరగంట సేపు షెడ్డు షెడ్డంతా గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.

అయితే మంచి అలవాటు నీడనే చెడ్డ అలవాటు కూడా పెరుగుతుంది. కరెంటు లేనప్పుడు బిట్టు మార్చాలన్నా, ఇరుక్కున్న పొట్టు లాగాలన్నా, అక్కడ ఎవడూ ప్లగ్గు పీకేవాడు కాదు. ఎందుకు పీకాలి? కరెంటు లేదాయె. ఒకవేళ వచ్చినా, పని అయ్యేదాకా నోరు మూసుకుంటే సరి. పలక్కపోతే మేస్త్రి మెయిన్ వెయ్యడుగా. వాళ్ల మౌనమే వాళ్ల ప్లగ్గు. మేస్త్రి తిడుతూనే ఉండేవాడు, వీళ్లు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు వింటూనే ఉండేవాళ్లు.

షెడ్డు వెనక మూలన చెక్కల దొంతర్లు దాటాక రెండు బల్లలున్నాయి. ఒకటి ఎఫాది, రెండోది న్యార్కోది. ఇద్దరూ ఒకే ఏడు పనిలో చేరినవాళ్లు. ఎఫా చెయ్యి చెయ్యి కాదు, వరం. రౌటర్ మిషన్ వాడిదే. బల్లకింద తలకిందులుగా బిగించిన మోటారు, బల్లమీదికి బొటనవేలంత పొడుచుకొచ్చిన బిట్టు. దాని మీదుగా చెక్కని తోస్తూ తలుపులకి గాళ్లూ అంచులూ తీసేవాడు. న్యార్కో పనిలో అంత కాదు గాని, గొంతులో ఘనుడు. మేస్త్రి దగ్గు, ఆదివారం పాస్టరు సాగదీత, మామీ అతా కీచుగొంతు, ఏదైనా దింపేసేవాడు. ఎఫా ముక్కుతో మాట్లాడేవాడు కాబట్టి, ముక్కు కొంచెం నొక్కుకుంటే ఎఫా. ఎఫా పెళ్లాం సెర్వా సైతం ఒకసారి మోసపోయి, తలుపవతలనుంచి వాడికి పొద్దుటి తిట్లన్నీ అప్పజెప్పింది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం గట్టిగా వాన పట్టింది. చెక్కలు తడవకుండా ముందు షట్టరు దించేశారు. షెడ్డుకి కిటికీలు లేవు. అంతలో కరెంటు పోయింది. చీకట్లో రేకుల మీద వాన హోరు తప్ప ఏమీ లేదు. ఎఫా న్యార్కో దగ్గరికొచ్చి, గేటు దగ్గర కాల్చిన అరటికాయ తెచ్చుకుంటాను, ఈలోగా పిలిస్తే నా బదులు పలుకు, లేకపోతే నాకోసం పనాగిందని వీళ్లు నా ప్రాణం తీస్తారు అన్నాడు. అదేం కొత్త కాదు. ఇద్దరూ ఒకరికొకరు అలా పలుకుతూ వచ్చినవాళ్లే. ఎఫా వెనకతలుపు తీసుకుని వెళ్లాడు.

వాడెప్పుడు తిరిగొచ్చాడో న్యార్కో చూడలేదు. అటు వీపు పెట్టి ఉలి నూరుకుంటున్నాడు. వానలో అడుగుల చప్పుడు ఏం వినిపిస్తుంది? ఎఫా వచ్చాడు, పొట్లం బల్లమీద పెట్టాడు, ఎలాగూ పని లేదు కదాని బిట్టు చుట్టూ బిగుసుకుపోయిన పొట్టుని వేళ్లతో గోకడం మొదలెట్టాడు. ప్లగ్గు పీకలేదు. వీధిలో కేకలు లేచాయి. మేస్త్రి పిలుపు మొదలైంది. క్వాట్యా పలికాడు. సార్బెంగ్ పలికాడు. ట్వెనెబోవా పలికాడు. న్యార్కో తన పేరుకి పలికాడు.

"ఎఫా!"

ఎఫా పలకలేదు. చెయ్యి లోపలుంది కాబట్టి పలకలేదు. వాడు నేర్చుకున్న చదువు ప్రకారం వాడు చెయ్యాల్సిందే చేశాడు.

న్యార్కో ముక్కు నొక్కుకుని, "రెండూ ఉన్నాయి" అన్నాడు.

తర్వాత వినిపించినదాన్ని న్యార్కో ఎన్నడూ ఎవరితోనూ చెప్పలేదు. నేనూ చెప్పను. కుడిచెయ్యి, మణికట్టు దాకా. టాక్సీ ఆసుపత్రికి చేరేలోపే ఎఫా పోయాడు. వీళ్లు తిరిగొచ్చేసరికి బల్లమీద పొట్లంలో అరటికాయ ఇంకా గోరువెచ్చగా ఉంది.

తప్పు ఒక క్షణంలో జరిగింది, సరే. పాపం ఆ తర్వాత జరిగింది. ఎఫా వంశం పెద్దలు కూర్చుని, ఏమైందని మేస్త్రిని అడిగారు. నా చెవులతో విన్నాను, వాడే పలికాడు అన్నాడు మేస్త్రి. మిగతావాళ్లూ అదే చెప్పారు. చెయ్యి మిషన్‌లో పెట్టుకుని చేతులు రెండూ ఉన్నాయన్నవాణ్ణి ఏమనుకోవాలి? మతి పోయినవాడనుకోవాలి, లేదా చావాలనుకున్నవాడనుకోవాలి. పెద్దలు రెండోదే అనుకున్నారు. అలాంటి చావుకి వాళ్లలో పెద్ద కర్మ చెయ్యరు. డప్పుల్లేవు, నల్లబట్టల ఊరేగింపు లేదు, కర్మలు చేసే శనివారం దాకా ఆగనైనా ఆగలేదు, హడావిడిగా పాతిపెట్టేశారు. మొగుణ్ణి ఏమన్నావే తల్లీ అని ఆడవాళ్లు సెర్వాని మాటలతో పొడిచారు. ఆవిడ ఒక్కటే మాట అంటూ కూర్చుంది, నా మొగుడు చావాలనుకునే మనిషి కాదని.

న్యార్కో అక్కడే, తేలుకుట్టిన దొంగలా, గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒక్క మాట చెబితే చాలు, ఎఫా పేరు కడిగిన ముత్యమయ్యేది. చెబితే తను హంతకుడు. మూడుసార్లు సెర్వా గుమ్మం దాకా వెళ్లి మూడుసార్లూ వెనక్కొచ్చాడు. మేస్త్రేమో ఎఫా పానాని మేకుకి తగిలించి, రౌటర్ మిషన్ని న్యార్కోకే అప్పజెప్పాడు. వాడి చెయ్యివాటం నీకే తెలుసురా అన్నాడు. న్యార్కో వెళ్లి ఆ బల్ల దగ్గర నిలబడ్డాడు.

పిలుపులో ఎఫా పేరు తీసేశారు. ట్వెనెబోవా తర్వాత న్యార్కో, వాడితో సరి.

మే మొదటివారంలో అనుకుంటా. మేస్త్రి "న్యార్కో" అని పిలిచాడు, "రెండూ ఉన్నాయి" అని జవాబు వెళ్లింది. న్యార్కో ఇంకా నోరు తెరవలేదు. తనే అని ఉంటాడులే, అలవాటైన నోరు కదా అనుకున్నాడు. పదిరోజులకి మళ్లీ. ఈసారి వాడి నోటినిండా నీళ్లున్నాయి. దొంతరవతలనుంచి క్వాట్యా, "నీళ్లు మింగుతూ మాట్లాడ్డం ఎక్కడ నేర్చావురా, పాస్టరుకి కూడా రాదది" అని నవ్వాడు. న్యార్కో నోట్లో నీళ్లు గొంతు దిగలేదు.

గొంతు అచ్చం తనదే. కాస్త ముక్కుతో పలికినట్టుంది, అంతే. ఇంకొకరి గొంతుని దింపుతున్నప్పుడు సొంత గొంతు ఎక్కడో ఒకచోట తొంగిచూస్తుందే... అలాగ.

ఆ రోజునుంచి న్యార్కోకి ప్లగ్గుల పిచ్చి పట్టింది. రౌటర్ ప్లగ్గుకి ఎర్రదారం ముడి వేసుకున్నాడు, పొరపాటుపడకుండా. కరెంటు ఉన్నా లేకపోయినా, బిట్టు వైపు వేలు పెట్టేముందు ఆ ప్లగ్గు పీకి, బల్లమీద కళ్లెదురుగా పెట్టుకునేవాడు. కరెంటు పోతే చాలు పరిగెత్తుకెళ్లి మేస్త్రి పక్కన నిలబడి, రెండు చేతులూ ఎత్తి, పిలవకముందే పలికేవాడు. బయటి జనం చూస్తే పోలీసులు పట్టుకున్నారేమో అనుకునేవాళ్లు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఉంది గానీ, వీడు ఎవరూ ఏమీ అనకుండానే తడుముకుంటున్నాడు. పని మానేద్దామనుకున్నాడు. మానేస్తే ఎందుకని అడుగుతారు. పైగా ఏ షెడ్డుకి వెళ్లినా రౌటర్ ఉంటుంది, పిలుపు మాత్రం ఉండదు. ఇక్కడ పిలుపే భయం, అక్కడ పిలుపు లేకపోవడమే భయం. నిద్ర పోయింది. తిండి సయించలేదు. పడుకునేముందు చేతులు రెండూ చంకల్లో దాచుకుని పడుకునేవాడు.

జూన్‌లో ఒక చర్చికి పెద్ద తలుపులు ఒప్పుకున్నారు. ఒక శనివారం మధ్యాహ్నం మళ్లీ అదే వాన, షట్టరు దించారు. కరెంటు పోయింది. న్యార్కో పొడుగాటి ఓడుం చెక్కకి, టేకులాంటి గట్టి కలపకి, గాడి తీస్తున్నాడు. బిట్టు గాడి మధ్యలోనే ఆగిపోయింది. అలవాటుగా మేస్త్రి దగ్గరికి పరిగెత్తబోతే ఆయన విసుక్కున్నాడు. "నా పక్కన దిష్టిబొమ్మలా నిలబడకురా. నీ బల్ల దగ్గరే ఉండు, పిలిస్తే పలుకు" అన్నాడు. మిగతా ముగ్గురూ నవ్వారు. న్యార్కో వెనక్కెళ్లాడు.

చెక్క చివర పగులుంది. బిట్టు దగ్గర ఒక పేడు విరిగి ఇరుక్కుంది. అది తియ్యకపోతే, మిషన్ లేచిన క్షణాన చెక్క ఎగిరి ఎవడి గుండెలకో తగులుతుంది. న్యార్కో బల్లకిందికి వంగి తడిమి ఎర్రదారం ప్లగ్గు పట్టుకున్నాడు. పీకాడు. బల్లమీద పెట్టాడు. ఉలిని పగుల్లో దూర్చి తిప్పితే చెక్క నోరు తెరిచింది. కుడిచేతి రెండు వేళ్లు లోపల పెట్టి పేడుని అందుకున్నాడు.

ఉలి జారింది.

ఓడుం చెక్క మహా బిగువు. పగులు టప్పున మూసుకుంది, రెండు వేళ్లనీ కరిచి పట్టుకుంది. నొప్పికి కళ్లు బైర్లు కమ్మాయి. వేలి చివర చల్లగా ఏదో తగులుతోంది. బిట్టు అంచు. పరవాలేదు... పరవాలేదు. ప్లగ్గు పీకేశాను. ప్లగ్గు బల్లమీదే ఉంది. న్యార్కో ఊపిరి పీల్చుకుని ఎడమచేత్తో ఉలికోసం నేల తడిమాడు. పొట్టు తప్ప ఏమీ తగల్లేదు. సరే, ఎవడినో ఒకణ్ణి కేకేద్దాంలే అనుకుంటూ, ఎందుకో ఆ ప్లగ్గుని చేత్తో పట్టుకున్నాడు. ఎర్రదారం ముడి వేళ్లకి తగిలింది.

తను వేసింది మామూలు ముడి. ఇది జంటముడి. పైన ఒక మెలిక.

అలా ముడి వేసేవాడు ఆ షెడ్డులో ఒక్కడే ఉండేవాడు.

న్యార్కో వైరుని పట్టుకుని తడుముకుంటూ వెళ్లాడు. బల్ల అంచు... బల్ల కాలు... అక్కణ్ణుంచి అది మోటారు వైపు తిరగలేదు. పక్కకి పోయింది. లాగితే పక్క బల్లమీద చెక్క నున్నగా రుద్దే సాండర్ మిషన్ కదిలింది. పీకింది దాని ప్లగ్గు. రౌటర్ ప్లగ్గు ఇంకా గోడకే ఉంది. రౌటర్ స్విచ్చి వేసే ఉంది.

వీధిలో కేకలు లేచాయి. వచ్చింది, వచ్చింది.

న్యార్కో అరిచాడు. వీధి కేకలూ వానా కలిసి వాడి అరుపుని మింగేశాయి. మోటారు స్విచ్చికోసం ఎడమచెయ్యి బల్లకింద చాపాడు. జానెడు దూరంలో ఆగిపోయింది. భుజం ఊడేట్టు చాపాడు. ఇంకా బెత్తెడు. అప్పుడు వాడికి గుర్తొచ్చింది... మౌనం. పలక్కపోతే మెయిన్ పైకి వెళ్లదు. ఇన్నేళ్లుగా వాళ్లని కాచింది అదే. నోరు మూసుకుంటే చాలు. పెదాలు పళ్లకింద బిగించుకున్నాడు.

మేస్త్రి పిలుస్తున్నాడు. అంత దూరంనుంచి, వానలో, నూతిలోంచి వచ్చినట్టుంది. క్వాట్యా పలికాడు. సార్బెంగ్... ట్వెనెబోవా...

అప్పుడొచ్చింది వాసన. కాల్చిన అరటికాయ వాసన. వేడివేడిగా, అప్పుడే నిప్పులమీంచి తీసినట్టు. వెనకతలుపు చప్పుడు కాలేదు. కానీ వెనకాల ఎవరో ఉన్నారు. తడి చొక్కా చల్లదనం వీపుకి తెలుస్తోంది. న్యార్కో తల తిప్పలేదు. తిప్పితే ఎదురుగా ముఖం ఉంటుందని తెలుసు.

"న్యార్కో!"

న్యార్కో పలకలేదు.

"వద్దురా..." అని పెదాలతోనే అన్నాడు. "ఎఫా, వద్దురా... నీ కాళ్లు పట్టుకుంటా..."

చెవి పక్కన ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. మాట్లాడబోయేవాడు పీల్చుకున్నట్టు.

"రెండూ ఉన్నాయి."

తన గొంతే. షెడ్డంతా వినపడేలా, హుషారుగా.

న్యార్కో రెండు కాళ్లూ బల్లకి తన్నిపెట్టి వెనక్కి పడ్డాడు. చర్మం వదిలింది. గోళ్లు వదిలాయి. వాడు నేలమీద పడ్డప్పుడు, సరిగ్గా వాడి వేళ్లున్న చోట, రౌటర్ కెవ్వుమని లేచింది. ఓడుం చెక్క ఎగిరి గోడకి గుద్దుకుంది.

దీపాలు వెలిగాయి. వెనక ఎవరూ లేరు. అందరూ పరిగెత్తుకొచ్చారు. చేతికి గుడ్డ చుట్టారు. రెండు గోళ్లు పోయాయి గాని వేళ్లు ఉన్నాయి. మేస్త్రి నేలమీద కూలబడి, పలికావు కదరా, నా చెవులతో విన్నాను, చెయ్యి అందులో పెట్టుకుని ఎందుకు పలికావురా అని అడిగాడు.

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దేవుడు ఎవరికిస్తాడు? అది నేను కాదు అంటే చాలు. మరెవరు అంటారు. ఎఫా అనాలి. ఎఫా ఎందుకు పలుకుతాడు అంటారు. న్యార్కో ఆ మెట్లన్నీ కళ్లముందే చూశాడు. చూసి, తల దించుకుని, పొరపాటున నోరు జారాను మేస్త్రీ అన్నాడు.

మేస్త్రి వాడి చేతి గుడ్డ బిగించి కట్టాడు. తర్వాత చిన్నగా, ఎఫా కూడా ఇలాగే నోరు జారి ఉంటాడు, పాపం, మనమే వాణ్ణి చావు కోరుకున్నవాణ్ణి చేశాం అని కళ్లు తుడుచుకున్నాడు. న్యార్కో మాట్లాడలేదు. చచ్చినవాడిమీద అబద్ధం రెండోసారి చెప్పినట్టయింది.

ఆ సాయంత్రమే మేస్త్రి పాత లెక్క రద్దు చేశాడు. నోటిని నమ్మి ఒకణ్ణి చంపుకున్నాను, ఇంకొకణ్ణి చంపుకోబోయాను, ఇక నోరొద్దు అన్నాడు. కరెంటొస్తే అందరూ బల్లలొదిలి గుమ్మం దగ్గరికి రావాలి. ఒక్కొక్కరు రెండు చేతులూ తన చేతుల్లో పెట్టాలి. పట్టుకుని చూశాకే మెయిన్.

న్యార్కోకి ఎన్నాళ్లకో గుండె కుదుటపడింది. గొంతుని ఎవడైనా దింపగలడు. చేతుల్ని ఎవడు దింపగలడు? ఆ రాత్రి బిడ్డలా నిద్రపోయాడు.

మంగళవారం మూడింటికి వాన. షట్టరు. ఆ రోజుకది మూడో కోత. మేస్త్రి టార్చి రెండో కోతలోనే చచ్చిపోయింది. ఫోన్లు రేకుపెట్టెలో ఉన్నాయి, తాళం మేస్త్రి మొలకి ఉంది. వీధిలో కేకలు లేవగానే నలుగురూ చీకట్లో తడుముకుంటూ ముందుకి నడిచారు. క్వాట్యా చేతులు పెట్టినట్టున్నాడు, కడుక్కోరా జిగురు వెధవా అన్నాడు మేస్త్రి. సార్బెంగ్ పెట్టాడు. ట్వెనెబోవా పెట్టాడు. అందరికన్నా వెనకబల్ల కాబట్టి న్యార్కో ఆఖర్న వస్తున్నాడు. ఇంకో రెండడుగులు వేస్తే మేస్త్రి.

"ఇదేంట్రా, మంచుముక్కలా ఉంది చెయ్యి" అన్నాడు మేస్త్రి.

న్యార్కో ఆగిపోయాడు.

"ఒక్కటే ఇచ్చావేం?" మేస్త్రి గొంతు మారింది. "అదీ ఎడమచెయ్యి... పెద్దవాడికి ఎడమచెయ్యి ఇస్తార్రా ఎవరైనా? రెండోదేది?"

రేకుల మీద వాన. ఎక్కణ్ణుంచో సన్నగా... కాల్చిన అరటికాయ వాసన.

"ఎవర్రా నువ్వు?"

"నేను న్యార్కోని, మేస్త్రీ."

అచ్చం న్యార్కో గొంతు. కాస్త ముక్కుతో.

"ఆ రోజు ఎఫా పలకలేదు మేస్త్రీ. చెయ్యి లోపలుందని వాడు నోరు మూసుకునే ఉన్నాడు. వాడి గొంతుతో పలికింది నేను. పెద్దలకి చెప్పండి. సెర్వాకి చెప్పండి."

చీకట్లో ఎవరిదో ఉలి కిందపడింది.

"న్యార్కో..." అన్నాడు మేస్త్రి. "విన్నాను. ఇక చెయ్యి వదులు. నొప్పెడుతోంది... వదలరా."

రెండడుగుల దూరంలో న్యార్కో తన నోరు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు. రెండు చేతులతోనూ.